అంకె పక్కన డబ్బు పేరు

అనంతపురం నుంచి బెంగళూరు వైపు 44వ జాతీయ రహదారి పట్టుకుంటే నగరం దాటగానే రాప్తాడు వస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ వేళకు పడుతుందన్న నమ్మకం లేని మెట్ట ఇది. వేరుశనగ విత్తి మబ్బుకేసి చూసే రైతుల నేల. ఇలాంటి చోట నాలుగైదు దేశాల డబ్బు ఒకే లెక్కల షీటులో చేరుతుందంటే మొదట నమ్మబుద్ధి కాదు. కానీ చేరుతోంది, అదీ కరువు చూపిన దారుల్లోనే. ఈ కరువు నేలలో పని చేయడానికే 1969లో స్పెయిన్‌కు చెందిన విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చారు. ఆయన మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును ఇక్కడ అందరూ ఆర్డీటీ అంటారు. 1996లో స్పెయిన్‌లో ఆయన పేరిట ఫౌండేషన్ ఏర్పడింది, అక్కడి సామాన్యుల చందాలు ఈ పల్లెలకు చేరే దారి గట్టిపడింది. పంట చేతికి రాని ఏళ్లలో కదిరి వైపు నుంచి, పక్క కడప జిల్లా నుంచి ఎందరో కువైట్ వెళ్లారు. దినార్లు అలా వచ్చాయి. బోరు నీళ్లను డ్రిప్పులో పొదుపుగా పారించి పండించిన అరటి 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ప్రత్యేక రైలులో ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు వెళ్లి ఓడ ఎక్కింది. ఎగుమతి బేరాలు ఎక్కువగా డాలర్లలో సాగుతాయి. 2017లో ఒప్పందం కుదిరి పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక కొరియా వన్ అనే డబ్బు పేరు కూడా ఈ ప్రాంతానికి పరిచయమైంది.

ఇన్ని రకాల డబ్బును ఇప్పుడు రాసుకునేది ఎక్కువగా కంప్యూటరులోని స్ప్రెడ్‌షీట్‌లో. ఒకరు నమూనా షీటు తయారు చేస్తారు, దాన్ని పదిమంది పంచుకుంటారు, ఒక్కొక్కరు ఒక్కో దేశంలో కూర్చుని తమ గడులు నింపుతారు. ఆ గడులకు కరెన్సీ రూపం ఎలా ఇవ్వాలన్నదే ఈవేళ్టి విషయం. ఇది మీట నొక్కితే అయిపోయే చిన్న పనిలా కనిపిస్తుంది. అయితే పంచుకున్న షీటులో డబ్బు లెక్కలు తప్పేది చాలావరకు ఇక్కడేనని నా వాదన. ఒక మొత్తం ఏ దేశపు డబ్బు అన్నది ఆ లెక్కలో సగం. ఆ సగాన్ని గడి మీద వేసిన గుర్తుకు వదిలేయకుండా, దానికంటూ ఒక గడి కేటాయించి అందులో రాయాలి. గుర్తు, కామాలు, దశాంశ స్థానాలు అన్నీ ఆ రాతను అనుసరించాలి. చెప్పదలచింది ఇంతే. ఎందుకు ఇంత పట్టుబట్టాలో ఇప్పుడు వివరిస్తాను.

ముందు స్ప్రెడ్‌షీట్ లోపల జరిగేది తెలుసుకోవాలి. మీరు ఒక గడిలో 5000 అని రాస్తే యంత్రం దాచుకునేది ఆ అంకెను మాత్రమే. ఫార్మాట్ సెల్స్ అనే మెనూలోకి వెళ్లి యూరో గుర్తు ఎంచుకుంటే తెరమీద అంకె ముందో వెనకో ఆ గుర్తు కనిపిస్తుంది. లోపలి అంకె 5000గానే ఉంటుంది. అది యూరోలన్న సంగతి కూడికకు తెలియదు. పక్క గడిలోని 5000కు రూపాయి గుర్తు వేసి రెండింటినీ కూడమంటే 10,000 అని చెబుతుంది, ఎర్ర గీత కూడా గీయదు. పైగా ఎక్సెల్‌లో మొత్తం వచ్చే గడి చాలాసార్లు తాను కూడిన మొదటి గడి రూపాన్నే తీసుకుంటుంది. మొదటిది యూరో అయితే మొత్తమంతా యూరోలే అన్నట్టు కనబడుతుంది. కాగితం మీద ఇలా రాస్తే గుమస్తా ఎవరైనా ఆపి అడుగుతాడు. యంత్రం అడగదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రాప్తాడు మండలంలోని ఒక హైస్కూలు పాత విద్యార్థులు తరగతి గదుల మరమ్మతుకు చందాలు వేసుకుంటున్నారనుకుందాం. జర్మనీలో ఉద్యోగం చేస్తున్నవారి వాటా 5,000 యూరోలు, అమెరికాలో ఉన్నవారిది 200 డాలర్లు, కువైట్‌లో ఉన్న ఒకాయనది పన్నెండున్నర దినార్లు, ఊళ్లో పోగైంది 30,000 రూపాయలు. అందరూ ఒకే కాలమ్‌లో ఎవరి గుర్తుతో వారు నింపారు. కింద కూడిక 35,212.50 అని చూపిస్తుంది. లెక్క కోసం యూరోకు 90, డాలరుకు 85, దినారుకు 270 రూపాయలు అనుకుంటే నిజంగా వచ్చింది 5,00,375 రూపాయలు. షీటులోని మొత్తాన్ని రూపాయలుగా చదివినవారు ముప్పై అయిదు వేలే వచ్చాయని పని ఆపేస్తారు. యూరో గుర్తు చూసి నమ్మినవారు 31,69,125 రూపాయలు ఉన్నాయని ఇంకో అంతస్తు లేపుదామంటారు. ఒకే షీటు, ఒకే అంకె. ఇద్దరూ చదివింది తప్పే, ఇద్దరిలో ఎవరి నిజాయతీనీ శంకించే పని లేదు. తప్పు షీటు కట్టుబడిలో ఉంది.

దశాంశ బిందువు సంగతి ఇంకా సున్నితమైనది. మనం రూపాయికి రెండు దశాంశ స్థానాలు రాస్తాం, ఎందుకంటే రూపాయికి 100 పైసలు. కువైట్ దినారుకు 1000 ఫిల్స్, అందుకే అక్కడ మూడు స్థానాలు రాస్తారు. పన్నెండున్నర దినార్లను కువైట్‌లో 12 పాయింటు 500 అని రాయడం మామూలే. జర్మనీలోనూ స్పెయిన్‌లోనూ పాయింటు పెట్టేది వేలను విడదీయడానికి, దశాంశానికి వాళ్లు కామా వాడతారు. కువైట్ ఆయన రాసిన అదే రాతను జర్మనీ పద్ధతికి అమర్చిన కంప్యూటరు పన్నెండు వేల అయిదు వందలుగా చదువుతుంది. మనం అనుకున్న రేటు ప్రకారం 3,375 రూపాయలు 33,75,000 రూపాయలు అవుతాయి, సరిగ్గా వెయ్యి రెట్లు. తిరగేసి చూసినా అంతే. జర్మనీలో ఉన్నవారు తమ అలవాటుగా అయిదు వేలను 5 పాయింటు 000 అని భారతీయ పద్ధతిలో ఉన్న గూగుల్ షీటులో రాస్తే అది ఉత్త 5 అయి కూర్చుంటుంది. ఎక్సెల్ ఫైలును ఫైలుగానే పంపితే లోపలి అంకె మారదు, కనిపించే తీరే మారుతుంది. కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైలుగా, అంటే సీఎస్‌వీగా పంపినప్పుడు, లేదా ఈమెయిలు నుంచి తెచ్చి అతికించినప్పుడు, చదివే కంప్యూటరు తన దేశపు పద్ధతిలో అర్థం చెప్పుకుంటుంది. కొరియా వన్‌కూ జపాన్ యెన్‌కూ వాడుకలో దశాంశమే లేదు. ఇన్ని పద్ధతులున్నప్పుడు కాలమ్ అంతటికీ ఒకే రూపం వేస్తే ఎవరిదో ఒకరిది తప్పక చెడుతుంది.

గుర్తుల్లోనూ చిక్కుంది. డాలరు గుర్తు అమెరికాకే పరిమితం కాదు, ఆస్ట్రేలియా, కెనడా, సింగపూర్, హాంకాంగ్ అన్నీ అదే గుర్తు వాడతాయి, అన్నిచోట్లా తెలుగువాళ్లున్నారు. మన రూపాయి గుర్తును కేంద్ర ప్రభుత్వం 2010 జూలై 15న ఆమోదించింది. అదే ఏడాది అక్టోబరులో అది యూనికోడ్‌లో చేరింది. అంతకు ముందరి కంప్యూటర్లలో, ఖతుల్లో అది డబ్బా బొమ్మగా కనబడుతుంది. ఇంకో సంగతి, ఎక్సెల్‌లో ఏ దేశమో చెప్పకుండా మామూలు కరెన్సీ మీట నొక్కితే ఆ గడి తెరిచిన కంప్యూటరు దేశాన్ని బట్టి గుర్తు మార్చుకోవచ్చు. అమెరికాలో 200 డాలర్లుగా కనిపించింది అనంతపురంలో 200 రూపాయలుగా కనిపించవచ్చు. ఇంకొందరు అంకె ముందు అక్షరాలతో రూ. అని తామే టైపు చేస్తారు. అప్పుడది యంత్రం దృష్టిలో అంకె కాకుండా ఉత్త మాటగా మిగలవచ్చు. కూడిక సూత్రం మాటలను చప్పుడు చేయకుండా దాటేస్తుంది, ఆ చందా మొత్తంలో కలవదు.

అందుకే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1978లోనే ప్రతి కరెన్సీకీ మూడక్షరాల కోడ్ ఇచ్చింది. ఆ ప్రమాణం సంఖ్య 4217. మన రూపాయి ఐఎన్ఆర్, అమెరికా డాలరు యూఎస్‌డీ, యూరో ఈయూఆర్, కువైట్ దినారు కేడబ్ల్యూడీ, కొరియా వన్ కేఆర్‌డబ్ల్యూ. ఏ కరెన్సీకి ఎన్ని దశాంశ స్థానాలో కూడా ఆ ప్రమాణంలోనే ఉంది: రూపాయికి రెండు, దినారుకు మూడు, వన్‌కు సున్న. నమూనా షీటులో ఒక కాలమ్ మొత్తానికి, దాని పక్క కాలమ్ ఈ కోడ్‌కు. కోడ్‌ను ఎవరూ టైపు చేయనక్కరలేదు, గడి మీద నొక్కితే కిందికి జారే జాబితాలోంచి ఎంచుకుంటారు, జాబితాలో లేనిదాన్ని షీటు ఒప్పుకోదు. తర్వాతి కాలమ్‌లలో మారకం రేటు, ఆ రేటు ఏ తేదీది, ఎక్కడిది అన్న వివరం, చివర రూపాయల్లో విలువ. కూడిక ఆ చివరి కాలమ్‌కే ఉండాలి. అసలు మొత్తాల కాలమ్ కింద కూడిక గడే ఉండకూడదు. వేరువేరు దేశాల డబ్బును కూడితే వచ్చే అంకెకు అర్థం లేదు కాబట్టి దాన్ని అడిగే వీలే షీటు ఇవ్వకూడదు.

అలా కోడ్ రాశాక రూపం సులువవుతుంది. ఎక్సెల్‌లో కండిషనల్ ఫార్మాటింగ్ ద్వారా కోడ్ దినారు అయితే మూడు స్థానాలు, వన్ అయితే సున్న, రూపాయి అయితే లక్షల కామాలు అని నియమాలు పెట్టవచ్చు. గూగుల్ షీట్స్‌లో ఆ సదుపాయం గడి రంగుకూ అక్షరాల తీరుకే తప్ప అంకె రూపానికి వర్తించదు. అక్కడ అంకెను గుర్తు లేకుండా వదిలేసి పక్కనున్న కోడ్‌నే నమ్ముకోవాలి. ఫరవాలేదు, ఎందుకంటే రూపం పోయినా సమాచారం పోలేదు. గుర్తు మీద ఆధారపడిన షీటు ఒక సాఫ్ట్‌వేరు నుంచి ఇంకోదానికి మారగానే కుప్పకూలుతుంది, కోడ్ రాసిన షీటు ఎక్కడికెళ్లినా నిలుస్తుంది. ఫైలు సీఎస్‌వీగా మారినప్పుడు రూపాలు ఏమైనా కోడ్ కాలమ్ మాత్రం అలాగే వస్తుంది.

ఇది కంప్యూటర్ల కాలానికి పుట్టిన చాదస్తం అనుకోనక్కరలేదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు దత్త మండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో అనంతపురం వచ్చి 1807 దాకా పని చేశాడు. అప్పటి శిస్తు లెక్కలు వరహాల్లో ఉండేవి. మద్రాసు లెక్కలో వరహాకు 42 పణాలు, పణానికి 80 కాసులు. మద్రాసు రాజధాని 1818లో రూపాయికి మారినప్పుడు వరహాకు మూడున్నర రూపాయల లెక్క కట్టారు. అంతకు కొద్ది ఏళ్ల ముందు కంపెనీ మద్రాసులో ముద్రించిన గోపురం బొమ్మ నాణేల మీద ఆ నాణెం పేరు ఇంగ్లీషు, పారసీకం, తమిళం, తెలుగు నాలుగు లిపుల్లో ఉంటుంది. బజారులో ఎవరి చేతిలో పడినా అది ఏమిటో వారి అక్షరాల్లోనే చదువుకోవచ్చు. ఆ తర్వాత 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చేదాకా మన చిట్టాల్లో రూపాయలకు ఒక గడి, అణాలకు ఒక గడి, పైలకు ఒక గడి గీసుకునేవారు. ఏ అంకె ఏ డబ్బో కాలమ్ తలకట్టులోనే తేలిపోయేది. ఇప్పుడు నేను అడుగుతున్నది ఆ పాత క్రమశిక్షణనే. తెరమీద అందమైన గుర్తులు సులువుగా దొరికేసరికి దాన్ని పోగొట్టుకున్నాం.

ఇక అభ్యంతరాల సంగతి చూద్దాం. పనిచేసేవాళ్లకు తమ షీటు సంగతి తెలియదా, రూపం మీద ఇంత రాద్ధాంతం ఎందుకని ఒక ప్రశ్న. తెలిసినవాళ్లకే ఎలా జరిగిందో చూడండి. 1999 సెప్టెంబరులో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుణ్ని చేరే వేళ నాశనమైంది. భూమి మీద ఒక సాఫ్ట్‌వేరు బలాన్ని బ్రిటిష్ కొలతలో లెక్కగట్టి పంపింది, దాన్ని అందుకున్న సాఫ్ట్‌వేరు మెట్రిక్ కొలతగా చదివింది. అంకెలు సరిగానే ఉన్నాయి, వాటితోపాటు కొలత పేరు ప్రయాణించలేదు. ఇంకొకటి స్ప్రెడ్‌షీట్‌దే. జన్యువులకు శాస్త్రవేత్తలు పెట్టిన పొట్టి పేర్లలో కొన్ని మార్చి, సెప్టెంబరు నెలల పేర్లలా ఉండటంతో ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేసేది. జన్యు జాబితాలను ఎక్సెల్ ఫైళ్లలో జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు అయిదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక పరిశీలన తేల్చింది. చివరికి 2020లో జన్యువుల పేర్లు నిర్ణయించే సంఘం ఆ పేర్లనే మార్చింది. రూపమని మనం తీసిపారేసేది లోపలి విలువనే మార్చగలదని, నిపుణులు కూడా దాన్ని పట్టుకోలేకపోయారని ఇది చెబుతోంది. పదో తరగతి చదివి సంఘం లెక్కలు రాస్తున్న అమ్మాయిని మాత్రం జాగ్రత్తగా ఉండమని వదిలేయడం న్యాయం కాదు. జాగ్రత్తను షీటులోనే కట్టిపెట్టాలి.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. డబ్బు చివరికి రూపాయల్లోనే ఖర్చవుతుంది కదా, వచ్చింది వచ్చినట్టు రూపాయల్లోకి మార్చి ఒక్క కరెన్సీలో రాసుకుంటే ఈ తంటా అంతా పోదా అంటారు. ఇది సగం సరైన మాట. మొత్తాలు ఒకే కరెన్సీలో ఉండాలనే నేనూ అంటున్నాను. అయితే అసలు మొత్తాన్ని చెరిపేస్తే పంపినవారికి జవాబు చెప్పే దారి మూసుకుపోతుంది. యూరోలు పంపినవారు తమ యూరోలు ఏమయ్యాయని అడుగుతారు. మన చట్టం రూపాయల్లో లెక్క అడుగుతుంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం అలాంటి విరాళం ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి, ఏటా దానిమీద లెక్క దాఖలు చేయాలి. రెండువైపులా ఒకే సొమ్మును రెండు పేర్లతో అడుగుతున్నప్పుడు రెండూ షీటులో ఉండాల్సిందే. పైగా రూపాయల్లో తేడా వస్తే అది రేటు మారినందుకా, బ్యాంకు కోసుకున్నందుకా, సొమ్మే తక్కువ వచ్చినందుకా తేల్చడానికి అసలు మొత్తం ఒక్కటే ఆధారం.

స్పెయిన్ చరిత్రలోనే దీనికి సాక్ష్యముంది. ఫెర్రర్ పేరిట ఫౌండేషన్ మొదలైన 1996లో స్పెయిన్ డబ్బు పెసెటా. 1998 డిసెంబరు 31న యూరోకు 166.386 పెసెటాలని శాశ్వతంగా నిర్ణయించారు. 2002 జనవరి 1న యూరో నోట్లు, నాణేలు జనం చేతికొచ్చాయి. ఈ మార్పు కోసం యూరోపియన్ యూనియన్ 1997లో చేసిన నిబంధన ఏమంటుందంటే, మార్పిడి రేటులో ఆరు సార్థక అంకెలు ఉండాలి, లెక్క వేసేటప్పుడు దాన్ని దగ్గరి అంకెకు సవరించకూడదు, కుదించకూడదు. ఒక్కో మనిషికి పైసల తేడాగా కనిపించేది కోట్ల మంది దగ్గర ఎంత పెద్దదవుతుందో వాళ్లకు తెలుసు. మనకు దీని పాఠం రెండు ముక్కల్లో ఉంది. రేటును తెరమీద రెండు స్థానాలకు కుదించి చూపించినా గడిలో పూర్తిగా ఉంచాలి. ఒక దేశపు డబ్బు పేరే మారిపోవచ్చు కాబట్టి పాత వరసల్లో అప్పటి పేరే ఉంచాలి. రూపాయలు మాత్రమే రాసుకున్న పుస్తకంలో ఈ చరిత్ర మిగలదు.

రేటు గురించి ఇంకొంచెం చెప్పాలి, కష్టపడి షీటు కట్టినవారు కూడా జారిపడేది ఇక్కడే. గతంలో రిజర్వు బ్యాంకు ప్రకటించే రిఫరెన్సు రేటును 2018 జూలై నుంచి ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ప్రకటిస్తోంది. అందులో డాలరు, యూరో, పౌండు ఒక్కొక్కదానికి ఇన్ని రూపాయలని ఉంటే, యెన్‌కు మాత్రం 100 యెన్‌లకు ఇన్ని రూపాయలని ఉంటుంది. దిగుమతుల కోసం కస్టమ్స్ ప్రకటించే రేట్లలో యెన్‌తోపాటు కొరియా వన్ కూడా నూటికి లెక్కే. ఆ అంకెను అలాగే తెచ్చి గుణిస్తే విలువ వంద రెట్లు పెరిగిపోతుంది. అందువల్ల షీటులో రేటు ఎప్పుడూ ఒక్క యూనిట్‌కే రాయాలని పైనే పెద్ద అక్షరాల్లో పెట్టాలి. రిఫరెన్సు రేటు వేరు, బ్యాంకు మనకిచ్చే రేటు వేరు. నిజంగా ఖాతాలో పడ్డ రూపాయలకు బ్యాంకు కోసుకున్న రుసుము కలిపి, పంపిన విదేశీ మొత్తంతో భాగిస్తే వచ్చేది మన రేటు, ఆ రుసుమును వేరే గడిలో చూపించాలి. భారతీయ లెక్కల ప్రమాణం 11 కూడా విదేశీ కరెన్సీ లావాదేవీని ఆ రోజు రేటుతో నమోదు చేయమనే చెబుతుంది. షీటు తెరిచిన ప్రతిసారీ ఇంటర్నెట్ నుంచి తాజా రేటు తెచ్చుకునే సూత్రాలు సౌకర్యంగా కనిపిస్తాయి. కానీ అలా పెడితే నిరుటి చందా విలువ ప్రతిరోజూ మారుతుంది, ఆడిటరు చూసిన మొత్తం మర్నాటికి ఉండదు. జరిగిపోయిన లావాదేవీ రేటును అంకెగా రాసి తాళం వేయాలి.

మూడో అభ్యంతరం, లెక్కల సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా అని. నిజమే, ట్యాలీ లాంటివాటిలో అనేక కరెన్సీలను నడిపే ఏర్పాటు ఉంది. సంస్థ పెద్దదైతే తప్పకుండా అదే వాడాలి. కానీ సాఫ్ట్‌వేరులోకి చేరకముందే డబ్బు వివరం ఎవరో ఒకరు షీటులో పోగుచేస్తారు, చేరాక మళ్లీ షీటుగానే దించి అందరికీ పంపుతారు. కువైట్‌లో ఉన్నవారి దగ్గర, జర్మనీలో ఉన్నవారి దగ్గర మన సాఫ్ట్‌వేరు ఉండదు, షీటు ఉంటుంది. నాలుగో అభ్యంతరం, కాలమ్‌లు ఎక్కువైతే పల్లెలో ఎవరు నింపుతారని. నింపేవారు రాయాల్సింది తేదీ, పేరు, మొత్తం, కోడ్ అంతే. రేటు ఒకరి బాధ్యత, రూపాయల విలువ సూత్రం పని, ఆ గడులు తాళంలో ఉంటాయి. కరెన్సీకొక షీటు పెడదామనేవారూ ఉన్నారు. రెండు కరెన్సీలదాకా అది బాగానే ఉంటుంది. అయిదైతే వరసలు ఒకచోట మార్చి ఇంకోచోట మార్చడం మరిచిపోతారు. కోడ్ ఉన్న ఒకే షీటును ఎప్పుడు కావాలంటే అప్పుడు కరెన్సీ వారీగా వడగట్టి చూడవచ్చు.

ఇంత చెప్పాక రూపానికి విలువ లేదంటున్నానని ఎవరూ అనుకోవద్దు. రూపం చదివేవారి కోసం, అందుకే అది చదివేవారిని బట్టి మారాలి. మనం మూడు అంకెల తర్వాత రెండేసి అంకెలకు కామా పెట్టి లక్షలు, కోట్లు చదువుతాం. మూడేసి అంకెలకు కామాలు పెట్టి మిలియన్లలో చూపిస్తే రాప్తాడు పొదుపు సంఘంలోని సభ్యురాలు తన సంఘం డబ్బునే చదవలేక పక్కవారిని అడగాల్సి వస్తుంది. కంప్యూటరు ప్రాంతీయ అమరికలో భారతదేశం ఎంచుకుంటే లక్షల కామాలు వాటంతట అవే వస్తాయి. ఎక్సెల్‌లో కోటి దాటితే ఒక రూపం, లక్ష దాటితే ఒకటి, ఆలోపు ఇంకొకటి అని సొంతంగా రాసుకునే పద్ధతీ ఉంది, కానీ బాకీలు, లోటులు అంటే సున్న కంటే తక్కువ అంకెలు వచ్చినప్పుడు అది పాశ్చాత్య కామాలకు జారిపోతుంది. అందుకని ప్రాంతీయ అమరికే మేలు. లోపల విలువ, కోడ్ ఒక్కటిగా ఉంటే బయట రాప్తాడుకు లక్షల్లో, స్పెయిన్‌కు వాళ్ల పాయింటు కామాలతో రెండు ముద్రిత పత్రాలు తీయవచ్చు. ఇద్దరూ తమ అలవాటులో చదువుతారు, ఇద్దరూ చదివేది ఒకటే నిజం.

కరువు నేలకు దూరదేశాల నుంచి వచ్చే డబ్బు వెనక ఎవరో ఒకరి నెల జీతంలో మిగిల్చిన భాగం ఉంటుంది. ఎడారి ఎండలో చేసిన చాకిరీ ఉంటుంది, పరిచయం లేని బిడ్డ చదువు కోసం ఒక ముసలామె పక్కన పెట్టిన సొమ్ము ఉంటుంది. ఆ డబ్బుకు మనం చూపగల మొదటి గౌరవం దాన్ని సరిగా రాయడం. లెక్క సరిగా లేనిచోట ముందు అనుమానం పుడుతుంది, ఆ అనుమానం నిజాయతీపరుల మీదే పడుతుంది, తర్వాతి ఏడాది చందా ఆగిపోతుంది. షీటు పంచుకుంటున్న సంఘాలకూ, ట్రస్టులకూ, రైతు కంపెనీలకూ, పాత విద్యార్థుల బృందాలకూ నా విన్నపం ఒక్కటే. కొత్త ఆర్థిక సంవత్సరపు షీటును పదిమందికీ పంపేముందు దాన్ని తెరిచి ఏ వరస మీదైనా వేలు పెట్టి మూడు ప్రశ్నలు అడగండి: ఎంత, ఏ దేశపు డబ్బు, ఏ రోజు ఎవరి రేటు. గుర్తులూ రంగులూ తీసేసినా ఆ మూడింటికీ గడుల్లోంచే జవాబు దొరికితే ఆ షీటును నమ్మకంగా పంపండి. దొరకకపోతే పంపడం ఆపి, ముందు ఆ కోడ్ కాలమ్ చేర్చండి. అరగంట పని, ఏడాదంతటి లెక్కకు అదే భరోసా.